డిక్కీలో ప్రస్థానం

శుక్రవారం పొద్దున కోదండరాం కాఫీ తాగుతూనే ఆ రోజు పనులన్నీ మనసులో పేర్చుకున్నాడు. తొమ్మిదీ నలభైకి ప్రస్థానం పెట్టాలి. పదకొండుంబావుకు ఇల్లు కదలాలి. పన్నెండు కొట్టి, రాహుకాలం తోకతో సహా దాటిపోయాక రిజిస్ట్రారు ఎదుట సంతకాలు పడాలి. ముప్పై రెండేళ్ళుగా అద్దెకుంటున్న పురికొస కొట్టూ, దాని మీది రెండు గదుల ఇల్లూ సాయంత్రానికి తన సొంతమైపోవాలి. అంతా సరిగ్గా అమరింది. సరిగ్గా అమరిందంటేనే ఆయనకు భయం. ఇంత సాఫీగా సాగే పనిని చెడగొట్టడానికి ఎవరో ఎక్కడో కాచుకొని కూర్చుని ఉంటారని ఆయనకు గట్టి నమ్మకం. ఆయనకున్న ఒకే ఒక్క నమ్మకం అది.

కొట్టు జార్జిటౌనులో, గోవిందప్ప నాయకన్ వీధికి అడ్డంగా పోయే ఒక సన్నటి సందులో ఉంది. దాని యజమాని కృష్ణస్వామి టి. నగర్‌లో కాపురం. కొట్టు అమ్ముతానని ఎనిమిదేళ్ళుగా అంటున్నాడు, ఎనిమిదేళ్ళుగా ఆఖరి నిమిషంలో మానుకుంటున్నాడు. ఒకసారి బల్లి పలికింది. ఒకసారి ఎడమకన్ను అదిరింది. ఇప్పుడు కోయంబత్తూరుకు మకాం మార్చేస్తున్నాడు కాబట్టి దిగివచ్చి ఒక షరతు పెట్టాడు. శుక్రవారం పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటాడు. ఆలోగా పని కాకపోతే దైవానికి ఇష్టం లేదనుకొని కారెక్కి వెళ్ళిపోతాడు. ఇక ఆ ఊసు మళ్ళీ ఎత్తకూడదు.

కోదండరాం అనుమానం ఇవాళ పుట్టింది కాదు. సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిచి పళ్ళు చూసినట్టు, ఎవరు పలకరించినా ఆ మాటను అటూ ఇటూ తిప్పి లోపల ఏముందో చూస్తాడు. తన సరుకును ఇంకొకడు తనదని చెప్పుకుంటాడేమోనని ప్రతి పురికొస ఉండలోనూ ఒక ఆకుపచ్చ పోగు కలిపి పేనిస్తాడు. తన పాత హెరాల్డు కారు డిక్కీకి కంపెనీవాడు ఇచ్చిన తాళం చాలక, కొక్కేలు అతికించి ఇంకో రెండు తాళాలు వేయించాడు. ఒక దాని చెవి మొలతాడుకు, రెండో దాని చెవి జంధ్యానికి. స్నానానికి పోయినా సగం డిక్కీ ఆయన ఒంటిమీదే ఉంటుంది.

ఆయన అనుమానాలన్నిటిలోనూ పెద్దపీట పక్క కొట్టు గోవిందస్వామి నాయుడిది. నాయుడిది స్టీలు పాత్రల వ్యాపారం. ఆయన దగ్గరికి వచ్చే బేరగాళ్ళు స్కూటర్లూ ట్రైసైకిళ్ళూ తెచ్చి పురికొస కొట్టు ఎదుట ఆపుతారు. ఇది కావాలని చేయిస్తున్న పని అని కోదండరాం తేల్చుకున్నాడు. ముఖాముఖి అడిగితే జాగ్రత్తపడతారు కదా, అందుకని రెండేళ్ళుగా పోలీసులకు ఆకాశరామన్న అర్జీలు పెడుతున్నాడు. మొత్తం పదకొండు. ఆఖరిది నలభై పేజీలు. బండ్ల నంబర్లన్నీ రాసి, శుక్రవారం పది గంటలకు వస్తే అందరూ దొరుకుతారని వేళ కూడా సూచించి, కట్టకట్టి నెల కిందట పంపాడు. ఎవరూ రాలేదు. పోలీసులు కూడా నాయుడి మనుషులే అయి ఉంటారని ఊరుకున్నాడు.

తన హెరాల్డు కూడా అదే సందులో, కొట్టుకు కాస్త అవతలగా, నో పార్కింగ్ బోర్డును ఆనుకొనే ఉంటుంది. అది వేరే సంగతి. పద్దెనిమిదేళ్ళుగా అది అక్కడే ఉంది. అది పార్కింగు కాదు, కాపురం.

వారం కిందట ఒక పెళ్ళిలో నాయుడూ కృష్ణస్వామీ పక్కపక్కన కూర్చొని పాయసం తాగుతూ నవ్వుకోవడం కోదండరాం కళ్ళారా చూశాడు. పాయసంలో నవ్వడానికి ఏముంటుంది. తన కొట్టు మీద నాయుడు కన్నేశాడన్నది ఆ రోజుతో ఖాయమైపోయింది.

ఇక ప్రస్థానం గొడవ. ఆ శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. పదకొండుంబావుకు బయల్దేరడమంటే రాహువు ఒళ్ళో కూర్చొని బయల్దేరడమే. పోనీ పదిన్నరకు ముందే పోయి రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చుందామంటే, ఆ వరండాలో బ్రోకర్లకు ఒక్కొక్కరికి నాలుగేసి చెవులుంటాయి. ఇలాంటి చిక్కుకు పెద్దలు ఎప్పుడో ఉపాయం పెట్టి ఉంచారు. మంచి గడియలో ప్రయాణపు మూట ఒకటి గడప దాటించి వేరే ఇంట్లో పెట్టేస్తే, మనిషి అప్పుడే బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఏ వేళకు కదిలినా దోషం అంటదు.

"ప్రస్థానమంటే ఇంకొకళ్ళ ఇంట్లో పెట్టేది. మన కార్లో మనమే పెట్టుకుంటే అది చక్రాలుండే బీరువాలో పెట్టుకున్నట్టు," అంది భార్య వాసవాంబ.

"గడప దాటిందా లేదా? దాటింది. చాలు."

"పక్కనే పంకజం ఉండాది గదా. ఒక గంటన్నర సంచి పెట్టుకోదా ఆమె?"

"ఆమె పెట్టుకుంటాది. ఆమె మొగుడు విప్పుకుంటాడు," అన్నాడు కోదండరాం.

పంకజం గోవిందస్వామి భార్య. ఆ ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పాతికేళ్ళుగా పెరుగుతోడూ కరివేపాకూ గోడ దాటుతూనే ఉన్నాయి. వాసవాంబ ఇంక వాదించలేదు. ఆమె వాదించకపోవడం మీద కోదండరాంకు అనుమానం రావలసింది. ఆ ఒక్కసారికి రాలేదు.

స్టాంపు కాగితాల మీద టైపు చేయించిన క్రయపత్రం, కృష్ణస్వామి ఇచ్చిన మూల దస్తావేజులు కలిపి పసుపు గుడ్డ సంచిలో పెట్టి, పురికొసతో మూతి బిగించి, తనకు తప్ప ఎవరికీ రాని ముడి వేశాడు. సంచికి పసుపూ కుంకుమా పెడతానని వాసవాంబ పూజగదిలోకి తీసుకుపోయింది. ఆయన ఆలోగా కిందికి దిగి డిక్కీ తాళాలు లాగి చూసుకొని వచ్చాడు. సంచి అందుకొని చేత్తో తూచాడు. బరువు సరిగ్గానే ఉంది. ముడి చూశాడు. తన ముడే. తొమ్మిదీ నలభైకి సంచి డిక్కీలోకి చేరింది. మూడు తాళాలూ పడ్డాయి.

"నేను పంకజంతో కాళికాంబ గుడికి పొయ్యొస్తా. పదకొండుంబావుకు ఎదురొస్తా. నేను ఎదురొచ్చేదాకా కారు కదలకూడదు," అని చెప్పి వాసవాంబ వెళ్ళిపోయింది. పనిమీద పోయే మగవాడికి ముత్తైదువ ఎదురు రావడం కూడా ఆ ఇంటి పద్ధతే.

కోదండరాం మేడమీద కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. ఏ కిటికీలోంచి కారు కనిపిస్తుందో ఆ కిటికీ దగ్గర కాదు. ఏ కిటికీలోంచి నాయుడి కొట్టు గుమ్మం కనిపిస్తుందో ఆ కిటికీ దగ్గర. దొంగను కాపలా కాస్తే సొమ్మును కాపలా కాయనక్కర్లేదన్నది ఆయన సిద్ధాంతం. నాయుడు గల్లాపెట్టె ముందు కూర్చొని ఇడ్లీపాత్ర మూత తుడుస్తున్నాడు. కోదండరాం గంటకు పైగా ఆ మూతనే చూశాడు.

పదింబావు వేళప్పుడు సందు అవతలి కొసన ఈలలు మోగాయి. ఎవరో పరుగెత్తారు. ఇనుప గొలుసు చప్పుడైంది. గుమాస్తా సుబ్బన్ కింద నుంచి సామీ సామీ అని రెండుసార్లు అరిచాడు. కోదండరాం తల తిప్పలేదు. సరిగ్గా ఇవాళే, సరిగ్గా ఈ వేళకే గలాటా పుట్టిందంటే, అది తన చూపు మళ్ళించడానికి నాయుడు వేసిన ఎత్తు కాక మరేమిటి. ఆయన ఇంకా గట్టిగా ఇడ్లీపాత్ర మూత వైపు చూశాడు.

పదకొండుంబావుకు కిందికి దిగేసరికి సందు ఊడ్చిన కళ్ళంలా ఉంది. ఒక్క స్కూటరు లేదు, ఒక్క ట్రైసైకిలు లేదు. బోర్డు ఒంటరిగా నిలబడి ఉంది. హెరాల్డు ఉండే చోట పద్దెనిమిదేళ్ళ నూనె మరక మాత్రం నల్లగా మెరుస్తోంది.

"పోలీసోళ్ళు సామీ. క్రేన్ తెచ్చి ఉండే బండ్లన్నీ లాక్కొని పోయినారు. నేను పిలిస్తి. మీరు కిటికీ కాడ నుంచి లేవలా," అన్నాడు సుబ్బన్.

"నాయుడి వ్యానో?"

"అది పొద్దున్నే లోపల పెట్టేసినారు సామీ. కొత్త సరుకు దించేదానికి."

కోదండరాంకు ఇంకేం సాక్ష్యం కావాలి. నాయుడికి ముందే తెలుసు. తెలుసంటే, చెప్పిందే వాడు. రెండేళ్ళుగా కదలని పోలీసులు ఇవాళ ఈ వేళకే వచ్చారంటే, ఎవడో ఒక దుర్మార్గుడు వారమూ వేళా రాసి పంపి ఉండాలి. ఆ దుర్మార్గుడు ఎవరా అన్న ఆలోచన ఆయన బుర్రలో నాయుడి దగ్గర మొదలై నాయుడి దగ్గరే ఆగిపోయింది. భార్య ఎదురు రావలసిన సంగతి మరిచి, ఆటో ఎక్కి ట్రాఫిక్ పోలీసు స్టేషనుకు పరుగెత్తాడు.

స్టేషను రెండు వీధుల అవతల. జరిమానా కట్టి కారు విడిపించుకోవడం పది నిమిషాల పని అనుకున్నాడు. తీరా చూస్తే స్టేషనులో ఉండవలసిన పోలీసులంతా రోడ్డు మీద ఉన్నారు. పట్టుకొచ్చిన బండ్లను ఉంచే ఆవరణ చుట్టూ తాడు కట్టి ఉంది. లోపల మిగతా బండ్లన్నీ ఒక గోడకు తోసేసి ఉన్నాయి. నడిమధ్య, కులం నుంచి వెలి వేసినట్టు, తన హెరాల్డు ఒక్కటే. డిక్కీ నోరు తెరుచుకొని ఉంది. దానికి పది అడుగుల దూరంలో ఇసుక మూటలు గుండ్రంగా పేర్చి, వాటి మధ్య ఏదో పెట్టారు. ఆ ఏడాది దిక్కులేని సంచి ఏది కనిపించినా పోలీసులకు ప్రాణం మీదికి వచ్చినట్టే ఉండేది.

ఎస్సై మోహన్‌రాజ్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ తాతల నాడెప్పుడో చిత్తూరు వైపు నుంచి దిగినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని, చదవడం ఎవరికీ రాదు. కోదండరాం యాస వినగానే ఆయన అరవం వదిలి తెలుగులోకి వచ్చాడు. అది కోదండరాంకు నచ్చలేదు. పోలీసువాడు మన భాషలోకి వచ్చాడంటే లోపలిదేదో లాగడానికే.

జరిగింది ఇదీ. క్రేను హెరాల్డు ముక్కు పట్టి ఎత్తింది. ఎత్తేసరికి డిక్కీలో ఏదో దభీమని దొర్లింది. మలుపు తిరిగినప్పుడల్లా అటు దొర్లి ఇటు దొర్లింది. స్టేషనుకు తెచ్చి చూస్తే డిక్కీకి మూడు తాళాలు. అంత పాత కారులో ఏముందని మూడు తాళాలు. పగలగొట్టారు. లోపల సంచి. దాని ముడి ముగ్గురు కానిస్టేబుళ్ళు పట్టినా ఊడలేదు. అంత ముడి ఎవడు వేస్తాడు. పక్కన బ్లేడుతో కోశారు. కోసినవాడు లోపలికి చూసి, సంచిని ఇసుకలో పెట్టి, ఆ తర్వాత కాసేపు కనిపించలేదు.

"కారు మీదేనా?" అని అడిగాడు మోహన్‌రాజ్.

"నాదే."

"సంచీ?"

"నాదే సార్. దాంట్లో నా కాగితాలుండాయి. పన్నెండుకు ఆడ ఉండాల నేను."

"కాగితాల్లేవు. ఒక పాత పుస్తకం ఉండాది, లోపల అంకెలకి ఎర్రసిరాతో సున్నాలు చుట్టి. ఇంకొకటి గుండ్రంగా ఉండాది. ఇంతలావు. బిగించి పురికొస చుట్టి పెట్టినారు."

నాటుబాంబు ఎలా ఉంటుందో ఆ పేటలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఉండ కట్టి పురికొస చుడతారు. ఆ పురికొస తన కొట్టు నుంచి పోలేదు కదా అని ఎన్నోసార్లు అనుమానపడినవాడే కోదండరాం.

"అట్లయితే ఆ సంచి నాది కాదు," అన్నాడు.

"ఇప్పుడే మీదన్నారు."

"కాగితాలుంటే నాది. గుండుంటే నాది కాదు."

మోహన్‌రాజ్ ఆ మాటను అలాగే రాయించి సంతకం చేయించుకున్నాడు. చేశాక గానీ కోదండరాంకు అసలు బొమ్మ కళ్ళకు కట్టలేదు. కాగితాలు తీసినవాడు ఉన్నాడు. గుండు పెట్టినవాడు ఉన్నాడు. ఇద్దరూ ఒకడే. వాడు పాయసం తాగుతూ నవ్వినవాడు. మూడు తాళాలు ఎలా తీశాడని ఎస్సై అడిగితే, పాత్రల వ్యాపారి, లోహాల గుట్టు తెలిసినవాడు అని జవాబిచ్చాడు. గంటకు పైగా తానే ఆ మనిషిని రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్న సంగతి గుర్తుకు వచ్చింది గాని, అది ఫిర్యాదుకు అనవసరమనిపించింది. గోవిందస్వామి నాయుడి మీద రెండు పేజీలు రాసిచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు జీపులో వెళ్ళారు.

పన్నెండుకు పది నిమిషాలుండగా జీపు తిరిగి వచ్చింది. నాయుడు ఒక చేతిలో ఇంకా ఆ ఇడ్లీపాత్ర మూత పట్టుకొనే దిగాడు. రెండో చెయ్యి కానిస్టేబులు పట్టుకున్నాడు. వెనక దిగినవాడు ఎస్సై బల్ల మీద కాగితాల కట్ట పెట్టాడు. నాయుడి వంటింట్లో బియ్యం డ్రమ్ములో, బియ్యం మీద, పసుపుగుడ్డ చుట్టి ఉందట.

కోదండరాం ఆ కట్టను చూశాడు. తన క్రయపత్రం. తన మూల దస్తావేజులు. ముప్పై రెండేళ్ళ వ్యాపారంలో ఆయన అనుమానపడింది అక్షరాలా నిజం కావడం ఇదే మొదటిసారి. ఎంత ఆనందం వేసిందంటే, ఒక క్షణం కొట్టు సంగతే మరిచిపోయాడు.

"ఇప్పుడేమంటావు నాయుడూ?"

"నేనేమంటాను శెట్టీ? ఆ డ్రమ్ములో నేను ఎప్పుడైనా చెయ్యి పెట్టింటే గదా. అన్నం తినేది తప్ప ఆ పక్కకే పోను నేను." నాయుడి ముఖం నిజంగానే తెల్లబోయి ఉంది. దొంగలకు అది కూడా వచ్చి ఉండాలి అనుకున్నాడు కోదండరాం.

"సరే సార్, నా కాగితాలు ఇచ్చేయండి. పొయ్యొస్తా," అని చెయ్యి చాచాడు.

మోహన్‌రాజ్ కట్టను తన వైపు లాక్కున్నాడు. అవి ఇప్పుడు కాగితాలు కావు, దొంగసొత్తు. కోర్టులో పెట్టాలి. కేసు తేలాక తిరిగి ఇస్తారు. ఎంతలో అని కోదండరాం అడిగాడు. మామూలుగా మూడేళ్ళు, త్వరగా అయితే రెండున్నర అని ఎస్సై చెప్పాడు.

గోడ గడియారం పన్నెండు కొట్టింది. రాహుకాలం అయిపోయింది. అవతల కృష్ణస్వామి రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చొని, ఏ బల్లి పలుకుతుందా అని చెవులు రిక్కించుకొని ఉంటాడు. కాగితాలు జానెడు దూరంలో ఉన్నాయి. వాటికీ తనకూ మధ్య తాను రాసిన రెండు పేజీల ఫిర్యాదు ఉంది. కోదండరాం గొంతు తగ్గించి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. దొంగతనం వెనక్కి తీసుకోవచ్చు గాని బాంబు వెనక్కి తీసుకోవడం కుదరదని ఎస్సై అన్నాడు. పోనీ ఆ సంచి నాదేనన్నాడు కోదండరాం. అయితే మిమ్మల్ని లోపల వేయాలన్నాడు ఎస్సై. కోదండరాం బల్ల ముందు బెంచీ మీద నాయుడి పక్కనే కూలబడ్డాడు. వేరే చోటు లేదు.

"పన్నెండున్నరకి పొయినాడంటే పొయినట్టే నాయుడూ ఆయన. నాయన కూర్చున్న గల్లాపెట్టె అది," అన్నాడు, ఎవరితో అంటున్నాడో చూసుకోకుండా.

"తెల్సు. పెళ్ళిలో ఆయన్ని అదే అడిగితి. ఈసారైనా శెట్టికి రాసియ్యండి సామీ, బల్లికి భయపడబాకండి అని చెప్తి. ఆయనకి నవ్వొచ్చె," అన్నాడు నాయుడు, ఇడ్లీపాత్ర మూతను ఒళ్ళో తిప్పుకుంటూ.

కోదండరాం ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. లోపల ఏమీ దొరకలేదు. అదే ఆయనకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది.

పన్నెండూ అయిదుకు రిక్షా ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి వాసవాంబా పంకజమూ, వాళ్ళ వెంట సుబ్బనూ దిగారు. శుక్రవారం కదా, గుడిలో వరస కదలక ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి కారు లేదు, మొగుళ్ళు లేరు, బియ్యం డ్రమ్ము బోర్లపడి ఉంది. సుబ్బన్ చెప్పాల్సిందంతా చెప్పాడు. నుదుట కుంకుమతో, కొప్పులో పూలతో వాసవాంబ తిన్నగా ఎస్సై బల్ల ముందుకు వచ్చింది.

"ఆ కాగితాలు నాయుడన్న తీయలా. నేనే తీసి పంకజానికి ఇచ్చినా. ప్రస్థానం ఇంకొకళ్ళ ఇంట్లోనే ఉండాల. ఈయన వినడు. అందుకని సంచిలో పాత పంచాంగం పెట్టి, బరువుకి ఒక టెంకాయ వేసినా. టెంకాయ గట్టిగా తగిలితే ఈయనకి తెలిసిపోతాదని మెత్తగా ఉండేదానికి పురికొస చుట్టినా. గుడి నుంచి ఎదురొచ్చి కాగితాలు చేతికిస్తామనుకుంటి. కదలొద్దు అని చెప్తి గదా?"

ఆఖరి మాట మొగుడితో. మొగుడు ఇంకో సంగతి దగ్గర ఆగిపోయి ఉన్నాడు.

"ఆ ముడి ఎట్లా ఇప్పితివి నువ్వు?"

"ముప్పై రెండేళ్ళుగా ఆ ముడితోనే గదా కాపురం చేస్తా ఉండా."

మోహన్‌రాజ్ మర్యాదగానే విన్నాడు. అయినా బాంబు నిపుణులు వచ్చి చూసేదాకా తాను నమ్మడానికి వీల్లేదన్నాడు. వాళ్ళు వేరే చోట ఇంకో సంచి చూస్తున్నారు, రెండింటికి వస్తారు. వాసవాంబ గడియారం వంక చూసింది. చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తిపట్టుకొని, తాడు కింద నుంచి దూరి ఆవరణలోకి నడిచింది. వెనక నుంచి అరవంలో నలుగురు, తెలుగులో ఇద్దరు అరిచారు. ఒక కానిస్టేబులు చెట్టు వెనక్కి పోయాడు. తానూ అదే చెట్టు వెనక ఉన్నట్టు కోదండరాంకు కాసేపటికి గాని తెలియలేదు.

ఆమె ఇసుక మూటల మధ్య నుంచి ఆ గుండు తీసింది. పురికొస విప్పి చుట్టగా చుట్టి ఎస్సై చేతికి ఇచ్చింది. స్టేషను గేటు పక్కన చిన్న పిళ్ళైయార్ గూడు, అదే మన వినాయకుడిది, ఉంది. దాని ముందున్న రాతి మీద ఒక్క దెబ్బ వేసింది. టెంకాయ రెండుగా పగిలి నీళ్ళు ఎస్సై బూట్ల మీద చిందాయి.

"పని అయినాక కొట్టాల్సిన టెంకాయ. ముందుగానే కొట్టిస్తిరి," అని ఒక చిప్ప పిళ్ళైయార్ ముందు పెట్టి, ఇంకో చిప్ప మోహన్‌రాజ్ చేతిలో పెట్టింది.

ఎస్సై ఆ చిప్పను వాసన చూశాడు. తర్వాత బల్ల దగ్గరికి పోయి కాగితాల కట్ట తీసి ఇచ్చేశాడు. కారు మాత్రం రాతకోతలు అయ్యేదాకా వదలడానికి లేదు. నో పార్కింగ్ జరిమానా ఎలాగూ కట్టాలి.

"ఇన్నాళ్ళు లేనిది ఇవాళే ఎందుకొచ్చినారు సార్ మా సందుకి?" అని అడిగాడు నాయుడు.

మోహన్‌రాజ్ అలమరలోంచి లావుపాటి కట్ట ఒకటి తీసి చూపించాడు. పైనుంచి వచ్చిందట. సంతకం లేని అర్జీ, నలభై పేజీలు. ఆ సందులో ఎవరో మంచి పౌరుడు రెండేళ్ళుగా రాస్తున్నాడు. వారమూ వేళా కూడా ఆయనే చెప్పాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎస్సై ఆగిపోయాడు. అర్జీల కట్టకు చుట్టిన పురికొసలో ఒక ఆకుపచ్చ పోగు ఉంది. ఆయన చేతిలో ఉన్న టెంకాయ పురికొసలోనూ ఒక ఆకుపచ్చ పోగు ఉంది. ఆయన దాన్ని చూశాడు, దీన్ని చూశాడు, కోదండరాంను చూశాడు. కోదండరాం పిళ్ళైయార్‌ను చూశాడు. మోహన్‌రాజ్ అర్జీల కట్టను మళ్ళీ అలమరలో పెట్టి తలుపు వేశాడు.

"నా జీపులో పోండి. టైమయిపోతా ఉండాది," అన్నాడు.

జీపులో ముందు డ్రైవరు, పక్కన సుబ్బన్. వెనక కోదండరాం, కాగితాలు, రెండు పక్కలా ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఎదుట నాయుడు. నాయుణ్ణి వదిలేయమని ఎవరూ చెప్పలేదు కాబట్టి కానిస్టేబులు ఇంకా ఆయన చొక్కా పట్టుకొనే ఉన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఆగేసరికి పన్నెండూ ఇరవై అయిదు. కృష్ణస్వామి అప్పటికే మెట్లు దిగుతున్నాడు. రెండో సాక్షిగా ఉండవలసిన బ్రోకరు బాంబు కబురు విని అర్ధగంట కిందటే ఇంటికి పోయాడు. పోతూ పోతూ ఆ కబురు వరండా అంతా పంచి పోయాడు.

కృష్ణస్వామి పోలీసు జీపును చూశాడు. అటొకడు ఇటొకడు పోలీసులతో దిగుతున్న కోదండరాంను చూశాడు. చొక్కా పట్టుబడిన నాయుణ్ణి చూశాడు. ఎనిమిదేళ్ళుగా బల్లులూ కన్నుల అదురులూ అడ్డం పెట్టినవాడు, ఒక్క మాట కూడా అడగకుండా వెనక్కి తిరిగి మెట్లెక్కి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వేలిముద్రలు వేశాడు. ఇలాంటి మనిషికి ఇల్లు రాసి ఇవ్వకుండా కోయంబత్తూరుకు పోవడం క్షేమం కాదనుకున్నట్టుంది.

"రెండో సాక్షి ఎవరు?" అని రిజిస్ట్రారు అడిగాడు.

కోదండరాం చుట్టూ చూశాడు. సుబ్బన్ ఒకడు సంతకం చేశాడు. కానిస్టేబుళ్ళను అడగడానికి మనసొప్పలేదు. మిగిలింది ఒక్కడే. ఆయన నాయుడి వైపు పెన్ను చాచాడు.

"ఇది చెప్పు శెట్టీ. నేను దొంగోడినా, సాక్షినా? ఏదో ఒకటి తేల్చుకుంటే సంతకం పెడతా," అన్నాడు గోవిందస్వామి.

"పెట్టు నాయుడూ," అన్నాడు కోదండరాం. ముప్పై రెండేళ్ళలో ఆయన నాయుడితో అన్న అతి మెత్తటి మాట అదే.

నాయుడు ఇడ్లీపాత్ర మూతను రిజిస్ట్రారు బల్ల మీద పెట్టి, నింపాదిగా, విడివిడి అక్షరాలతో తెలుగులో సంతకం చేశాడు. పన్నెండూ ముప్పై నాలుగుకు పురికొస కొట్టు కోదండరాందయింది. బయట మెట్ల మీదికి వచ్చాక ఇద్దరూ ఆటో కోసం పక్కపక్కన నిలబడ్డారు. నాయుడి బేరగాళ్ళ బండ్లు పదిహేడు ఇంకా స్టేషనులోనే ఉన్నాయి.

"ఆ అర్జీ రాసిందెవురో గాని, మన సందులోనే ఉండి, మన ముఖాలు రోజూ చూస్తా రాసినాడు చూడు. అది గదా కడుపు మండేది. నీకు ఎవరి మీదైనా అనుమానముండాదా శెట్టీ?" అని అడిగాడు గోవిందస్వామి.

కోదండరాం చాలాసేపు ఆలోచించి, తనకు ఎవరి మీదా అనుమానం లేదన్నాడు.